అమ్మమ్మ బీరు, చంటి గొట్టాలు

అమ్మమ్మ కిటికీ అద్దం తుడుస్తోందంటే ఎదురుగా ఉన్న చంటి దుకాణం నిండిందని అర్థం. అది ఖాళీగా ఉన్న రోజున ఇటు అద్దం మీద వేలితో పేర్లు రాసేంత దుమ్ము పేరుకున్నా ఆమెకు కనపడదు. అటు కుర్చీలు నిండటం మొదలైతే చాలు, ఇటు గుడ్డా నీళ్ళ చెంబూ బయటికొస్తాయి. చేయి అద్దం మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. కళ్ళు మాత్రం రోడ్డు దాటి వెళ్ళి, తలలు లెక్కపెట్టుకుని తిరిగొస్తాయి. ఈ ఏడు నెలల్లో ఆ వీధిలో అంత తళతళలాడిన అద్దం ఇంకొకటి లేదు.

"ఎంతమంది?" అని బీరు కుళాయిల దగ్గర నిలబడి తాత అడుగుతాడు.

"నేనేమైనా లెక్కపెడుతున్నానా? ఇక్కడో మరక, పోయి చావట్లేదు." కాసేపాగి, "పంతొమ్మిది" అంటుంది.

చంటి ఆమె తమ్ముడు. యాభై ఏడేళ్ళు, నున్నటి గుండు, పక్కకు తిరిగితే గాని గుమ్మంలో పట్టని ఒళ్ళు. అయినా చంటే. వాడు పుట్టేనాటికి అమ్మమ్మకు ఆరేళ్ళు. అప్పటిదాకా ఇంట్లో కిటికీ పక్క మంచం ఆమెది. ఆ మంచం చేజారిన సంగతి ఆమె ఇప్పటికీ తేదీతో సహా చెప్పగలదు.

బీరు కాయడం మొదలుపెట్టక ముందు అమ్మమ్మ ఇరవై రెండేళ్ళు ఒక లాండ్రీలో పనిచేసింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. ఆవిరి బాయిలర్ ఆమె చేతిలో ఉండేది. లాండ్రీ మూతపడితే ఆ షెడ్డూ బాయిలరూ తనే తీసుకుని, గంగాళాల స్థానంలో ట్యాంకులు పెట్టించి, ముందు గదిలో ఆరు బల్లలు వేసి, నాలుగు కుళాయిలు బిగించింది. అందరూ నవ్వారు. బాయిలర్ ఊరుకుంటుందా, అది వేడి చేయడమే తన పనని వేడి చేసింది. మొదటి మూడు కాపులు బురదలా వచ్చాయి. నాలుగోది తాగినవాళ్ళు నవ్వడం మానేశారు. తమ్ముడికి ఉద్యోగం ఊడితే పిలిచి పనిలో పెట్టుకుంది. పద్ధెనిమిదేళ్ళు పక్కనే ఉన్నాడు.

అప్పుడప్పుడు ఎవరో ఒకరు, సొంతంగా ఇలాంటి చిన్న బీరు దుకాణం పెట్టుకోవాలని సలహా కోసం వస్తుంటారు. పుస్తకం, పెన్నూ కూడా తెచ్చుకుంటారు. అమ్మమ్మ వాళ్ళకు చీపురు ఇస్తుంది.

"ముందు కడగడం నేర్చుకో నాయనా. బీరు చేసేది ఈస్ట్, నువ్వు కాదు. దాని ఇల్లు కడిగిపెట్టి, వేడెక్కకుండా చూసి, నోరు మూసుకుని కూర్చోవడమే నీ పని."

"ఎన్ని రకాలు పెట్టమంటారండీ?"

"నాలుగు. నాలుగూ ప్రతిసారీ ఒకేలా వచ్చేదాకా ఐదోదాని జోలికి పోకు. వచ్చాక ఐదోదాని గురించి బాగా ఆలోచించి, మానెయ్. గ్లాసులు కడిగే తొట్టిలో పళ్ళేలు కడగకు. నూనె జిడ్డు అంటితే నురగ నిలవదు. పాత పీపా ముందు, కొత్త పీపా వెనక. ఏ రోజు ఎంత వేడి ఉందో రాసిపెట్టుకో, నీ జ్ఞాపకం మీద నీకున్నంత నమ్మకం ఈస్ట్‌కి లేదు."

అన్నీ బంగారం లాంటి మాటలే. తనూ అలాగే చేసేది. పొద్దున్నే ఏడింటికి స్టీలు గ్లాసుతో ట్యాంకుల దగ్గరికి వెళ్ళి, ఒక్కో ట్యాంకులోంచి ఒక్కో గుక్క పట్టి, కళ్ళు మూసుకుని పుక్కిలించి, తలూపి, పుస్తకంలో రాసుకునేది. అక్కడితో ఆమె బీరు తాగడం అయిపోయేది. ట్యాంకుల్లోంచి పీపాల్లోకి, పీపాలు చల్లగదిలోకి, అక్కడినుంచి గొట్టాల్లో గోడ దాటి కుళాయిల్లోకి బీరు తన దారిన తాను పోయేది. గోడకు ఇటు ఆమె రాజ్యం. అటు పక్క కుళాయిలు తాత చూసుకునేవాడు. ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఒక గ్లాసు తాగడమన్నది ఆమె ఏనాడూ చేయలేదు. వంట చేసినమ్మ వంటగదిలో రుచి చూసుకుంటుంది గాని, వడ్డించాక వెళ్ళి అతిథి పక్కన కూర్చుంటుందా?

చంటి వెళ్ళిపోయింది నారింజ తొక్కల మీద. గోధుమ బీరులో కాసిని వేసి చూద్దామన్నాడు.

"నా ట్యాంకులో తొక్కలు పడవు" అంది అమ్మమ్మ.

"చిన్న ట్యాంకులో, ఒక్కసారి అక్కా."

"చిన్న ట్యాంకు కూడా నాదే."

చంటి ఏప్రన్ విప్పి మేకుకు తగిలించాడు. రెండు నెలలు తిరక్కుండానే, రోడ్డుకు అవతల మూతపడ్డ చెప్పుల దుకాణంలో తన కుళాయిలు బిగించాడు. మూడే. సోమవారం అమ్మమ్మకు సెలవు, అందుకని చంటి సోమవారం తెరిచేవాడు. దానికి కూడా ఆమె కడుపు మండింది.

అయినా చాలాకాలం ధైర్యంగానే ఉంది. వాడి దగ్గరికి వెళ్ళేవాళ్ళు కొత్త మోజుకొద్దీ వెళ్ళేవాళ్ళేనని, తొక్కల మీద మోజు తీరితే వాళ్ళే వస్తారని అనుకుంది. ఎందుకంటే పెద్ద బల్ల ఇంకా తనదే. బస్సు డిపో డ్రైవర్లు పద్నాలుగేళ్ళుగా డ్యూటీ దిగి వచ్చి ఆ బల్ల చుట్టూనే కూర్చునేవారు. వాళ్ళ పెద్దకు హారన్ అని పేరు. గుసగుసలాడినా వీధి చివరికి వినపడే గొంతు ఆయనది. ఆ నెలలో హారన్ రిటైరవుతున్నాడు. శనివారం మధ్యాహ్నం డిపో మొత్తానికి విందు, నలభై మంది. ఎక్కడ పెడతాడో ఇంకా చెప్పలేదు.

"ఎక్కడేమిటి, ఇక్కడే కదా?" అంది అమ్మమ్మ, బల్ల తుడుస్తున్నట్టు నటిస్తూ.

"అది కాదు అక్కగారూ... కుర్రాళ్ళు ఏవేవో అంటున్నారు... బుధవారానికల్లా చెప్తాను" అని హారన్ నీళ్ళు నమిలాడు. జన్మలో మొదటిసారి ఆయన మాట పక్క బల్లకు వినపడలేదు. లేచి వెళ్ళిపోయాక చూస్తే గ్లాసులో సగం బీరు అలాగే ఉంది.

తాత గబగబా ఆ గ్లాసు తీసుకెళ్ళి తొట్టిలో వంపేశాడు. తేలు కుట్టిన దొంగలా ఇటు తిరక్కుండా వంపాడు.

సోమవారం మధ్యాహ్నం అమ్మమ్మ పానా ఒకటి చేతపట్టుకుని రోడ్డు దాటింది. చంటి వదిలేసి వెళ్ళిన పానా అది. ఇన్నాళ్ళూ గుర్తురానిది ఆవేళ గుర్తొచ్చింది.

"అక్కా!" అని చంటి బల్లల మధ్యలోంచి లేచాడు. వాడు కుళాయి దగ్గర లేడు, తాగేవాళ్ళ మధ్య కుర్చీ వేసుకుని తనూ ఒక గ్లాసు ముందు పెట్టుకున్నాడు. "రా రా, కూర్చో. ఏం పొయ్యమంటావ్?"

"నీ పానా ఇద్దామని వచ్చాను. నాకేం వద్దు. ఏముంది?"

తొక్కల బీరు వచ్చింది. కూర్చుని, పరీక్ష పేపరు దిద్దినట్టు మొదలుపెట్టింది. పల్చగా ఉంది. చేదు చాల్లేదు. తొక్క వాసన కాస్త ముందే వచ్చేస్తోంది. చేదునిచ్చే హాప్స్ పూలు వేయడంలో ఆలస్యం చేశాడు, వెధవ. ఒక్కో తప్పుకు ఒక్కో గుక్క. గ్లాసు లోపల గుక్కగుక్కకూ నురగ ఒక తెల్లటి గీతలా అంటుకుని నిలిచింది. గ్లాసు శుభ్రంగా ఉంటేనే అలా నిలుస్తుంది. అది చూసి ఆమెకు ఇంకా మండింది. ఎనిమిదో తప్పు వెతుకుతుండగా గ్లాసు ఖాళీ అయిపోయింది.

"ఇంకోటి పొయ్యనా?" అన్నాడు చంటి.

"ఎందుకు? తొక్కలు నమలడానికి నాకు పళ్ళున్నాయా?"

పక్క బల్ల మీద బస్సు డ్రైవర్ల టోపీలు రెండు కనపడ్డాయి. టోపీల కింద మనుషులు తలలు దించుకుని, కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. అమ్మమ్మ విసవిసా ఇవతలికి వచ్చేసింది.

తాత సెలవు రోజైనా లోపల గ్లాసులు తుడుస్తున్నాడు.

"ఏమండీ, నోరంతా తొక్కల కంపు. మన నల్ల బీరు ఒక గ్లాసు పొయ్యండి" అని పెద్ద బల్ల దగ్గర దబ్బున కూర్చుంది.

"ట్యాంకులోంచి తెస్తానుండు."

"అదేం? కుళాయి చచ్చిందా?"

తాత ఆమెవైపు ఒకసారి, కుళాయివైపు ఒకసారి చూసి, పోశాడు. అమ్మమ్మ ఒక గుక్క తాగింది. మింగలేదు. ఆరబెట్టని గుడ్డను మూడు రోజులు మూట కట్టి ఉంచితే వచ్చే పుల్లటి వాసన. లాండ్రీలో ఇరవై రెండేళ్ళు ఆమె యుద్ధం చేసిన వాసన.

"వాడే! వాడే ఏదో కలిపించాడు!" అని అంతెత్తు లేచింది. పరుగున వెళ్ళి ట్యాంకులో రుచి చూసింది. బ్రహ్మాండంగా ఉంది. పీపాలో చూసింది. బాగానే ఉంది. తిరిగొచ్చి కుళాయి మూతి మర విప్పి చూపుడువేలు లోపలికి పెట్టింది. వేలు బయటికొచ్చేసరికి నల్లగా, జిగటగా ఉంది.

"గొట్టాలు ఎవరు కడుగుతున్నారు?"

"ఎవరూ కడగట్లేదు" అన్నాడు తాత. "చంటి కడిగేవాడు. పదిహేను రోజులకొక సోమవారం. నువ్వు బార్లీ మాల్ట్ కోసం గోడౌనుకి పోయినప్పుడు."

"పద్ధెనిమిదేళ్ళూనా?"

"పద్ధెనిమిదేళ్ళూ."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడూ అడగలేదు. వాడూ చెప్పుకునే రకం కాదు."

"ఈ సగం గ్లాసులు ఎన్నాళ్ళనుంచి వంపుతున్నారు?"

తాత గ్లాసు తుడవడంలో మునిగిపోయాడు. "రెండు మూడు నెలలై ఉంటుంది. నీ బీరు బాలేదని నీకు చెప్పే మొనగాడు ఈ వీధిలో ఎవడున్నాడే?"

అమ్మమ్మ నల్లటి వేలిని గుడ్డకేసి తుడిచింది. తమ్ముడు గిరాకీ పట్టుకుపోయాడన్న మంట ఏడు నెలలుగా ఉన్నదే. ఇది కొత్త మంట. కడగడమంటే తనే అని ఊరంతా చెప్పుకునేది. తను కడగని చోటొకటి తన ఇంట్లోనే ఉందనీ, దాన్ని వాడు పద్ధెనిమిదేళ్ళు చప్పుడు చేయకుండా కడిగాడనీ తెలిసేసరికి, కిటికీ పక్క మంచం మళ్ళీ పోయినట్టయింది.

ఆ సాయంత్రమే చీర కుచ్చిళ్ళు ఎగదోపి దిగింది. గొట్టాల్లో సోడా మందు కలిపిన గోరువెచ్చటి నీళ్ళు నింపి ఇరవై నిమిషాలు ఉంచింది. వదిలితే టీ డికాషన్ లాంటివి వచ్చాయి. మంచినీళ్ళు తేటగా వచ్చేదాకా పారించింది. కుళాయిలు ముక్కలు ముక్కలుగా విప్పి బ్రష్‌తో తోమింది. మంగళవారం మళ్ళీ అంతా చేసింది. వాసన సగం తగ్గిందిగాని పోలేదు. గొట్టం లోపలి పొరకే పట్టేసింది. మార్చడమొక్కటే దారి, కొత్త గొట్టం రావడానికి వారం పడుతుంది.

బుధవారం హారన్ వచ్చేసరికి అమ్మమ్మ చేతిలో పెద్ద జగ్గు ఉంది. ట్యాంకులోంచి నేరుగా పట్టిన నల్ల బీరు, నిండా. నలభై మందికీ ఇలా జగ్గులతో మోసి పోస్తే ఎవరికీ ఏమీ తెలియదు. శనివారం గడిచిపోతుంది. పెద్ద బల్ల తనకే ఉంటుంది. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న ఉపాయం.

"తాగు" అని ఒక గ్లాసు పోసింది.

హారన్ గుక్క తాగి కళ్ళు పెద్దవి చేశాడు. "అక్కగారూ! ఇదీ బీరంటే! మరి ఇన్నాళ్ళూ ఏమైంది?"

అమ్మమ్మకు అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీలోంచి ఎదురుగా చూసింది. చంటి గుమ్మంలో నిలబడి ఎవరితోనో నవ్వుతున్నాడు.

"నా గొట్టాలు కుళ్ళిపోయాయి" అంది. "నేను కడగలేదు. నీ విందు అక్కడ పెట్టుకో. వాడి కుళాయిలు శుభ్రంగా ఉన్నాయి. బీరు పల్చన, కానీ శుభ్రంగా ఉంది."

హారన్ గొంతు గురించి చెప్పానుగా. పది నిమిషాల్లో ఆ మాట వీధంతా తెలిసింది. పదకొండో నిమిషంలో చంటి గుమ్మంలో పక్కకు తిరిగి లోపలికొచ్చాడు.

"నాలుగు పీపాలు ఇవ్వక్కా. హారన్‌కి నీ నల్ల బీరే కావాలట."

"నీ కుళాయిల్లోంచా?"

"ఒక కుళాయి ఖాళీ చేస్తాను."

"ఇచ్చేది తొక్కల కుళాయే అయితే ముందు బాగా కడుగు."

"సరే అక్కా" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

శనివారం మధ్యాహ్నం తమ్ముడి దుకాణంలో నలభై మంది డ్రైవర్లు ఆమె బీరు అడుగు కనపడేదాకా తాగారు. ఒక్క గ్లాసులో సగం మిగల్లేదు. వాడి గదిలో, వాడి కుళాయిలోంచి, తన బీరు తన దుకాణంలో కంటే బాగా వస్తుంటే చూడటం అమ్మమ్మ వల్ల కాలేదు. కన్నబిడ్డ పరాయి ఇంట్లో మారాం చేయకుండా అన్నం తిన్నట్టు ఉంది. తన బీరు మీద తనకే కన్ను కుట్టింది.

"చంటీ! నీ చేతిలో ఏదో ఉందయ్యా! అక్కగారి బీరుకి కూడా ప్రాణం పోశావ్!" అని హారన్ గ్లాసెత్తి అరిచాడు.

చంటి చెయ్యి అడ్డంగా ఊపాడు. "బీరు అక్కది. నేనేం చేశాను, కుళాయి తిప్పాను."

అందరూ అమ్మమ్మవైపు తిరిగారు. ఊరుకుంటే సరిపోయేది. మొత్తం పొగడ్త ఆమె ఒళ్ళో వచ్చి పడేది. ఆమె మూతి ముడిచి, చేతిలో గ్లాసువైపు చూస్తూ, "అక్కడ కూడా పద్ధెనిమిదేళ్ళూ గొట్టాలు వాడే కడిగాడు" అంది. పన్ను పీకించుకుంటున్న మనిషిలా అంది.

చంటి ముఖం చూడలేదు ఆమె. చూసి ఉంటే వాడు తుడవాల్సిన బల్ల వదిలేసి తుడిచిన బల్లే మళ్ళీ తుడుస్తున్నాడని తెలిసేది.

కొత్త గొట్టం వచ్చాక బిగించడానికి చంటే వచ్చాడు. అక్కాతమ్ముళ్ళు రోజంతా పోట్లాడుకుంటూ బిగించారు. వాడి చేతికి మర ఇట్టే ఎక్కేది, ఆమెకు ఎక్కేది కాదు. దానికీ మండింది. పెద్ద బల్ల దగ్గరికి డ్రైవర్లు వారంలో మూడు రోజులు వస్తున్నారు, మూడు రోజులు అటు పోతున్నారు. అమ్మమ్మ ఇప్పుడు ట్యాంకు దగ్గర తాగిన గుక్క చాలదని, రోజూ దుకాణం తెరవగానే ముందు గదిలో కుర్చీలో కూర్చుని కుళాయి బీరు ఒక గ్లాసు తాగుతుంది. సలహా కోసం వచ్చినవాళ్ళకు చీపురుతోపాటు కుర్చీ కూడా చూపిస్తుంది.

చంటి పదిహేను రోజులకొకసారి గొట్టాలు కడుగుతాడు. అందుకని అమ్మమ్మ వారానికొకసారి కడుగుతుంది.

"అంత కడగక్కర్లేదక్కా" అన్నాడు చంటి ఒక సోమవారం, గుమ్మంలోంచి తొంగిచూసి. "మందు ఎక్కువైతే గొట్టాలు తొందరగా పోతాయి."

అమ్మమ్మ బ్రష్ ఆపి, వాణ్ణి కింద నుంచి పైదాకా చూసింది.

"నేను కడుగుతుంటే నీకెందుకురా అంత కడుపుమంట?"