మేడంకు తెలియని పాఠం

రెండువేల నాలుగు, ఐదు ప్రాంతం. ధరూర్ దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి చదువుతున్నాను. ఆ ఏడు కొత్తగా వచ్చిన సైన్స్ మేడం పాఠం చెప్పేది కాదు. మమ్మల్ని గుంపులుగా కూర్చోబెట్టి, "పల్లి గింజను తలకిందులుగా పెడితే వేరు ఎటు పోతుంది?" అని అడిగి ఊరుకునేది. గాజు గ్లాసుల్లో తడిబట్ట పరిచి, గింజలు పెట్టి, కిటికీలో ఉంచాం. మధ్యాహ్నపు ఎండ వాటిలోంచి దిగి నేల మీద నీళ్లలా కదిలేది. నానిన పల్లీల వాసనకు నా కళ్లు మూతలు పడేవి. పాపం, మేడంకు పాఠాలు రావేమో అనుకునేదాన్ని.

ఒకరోజు తనిఖీకి పెద్ద సార్ వచ్చారు. "మీ మేడం ఏం నేర్పింది?" అంటూ నన్నే లేపారు.

"మేడంకు ఏం తెల్వదు సార్. అన్నీ మమ్మల్నే అడుగుతది" అన్నాను జాలిగా.

తరగతంతా బిగుసుకుపోయింది. మేడం ముఖం పాలిపోయింది.

సార్ ఒక గ్లాసెత్తి వెలుతురులో చూశారు. "వేరు వంగి కిందికే పోయిందే! గిట్ల పోతదని ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పలే సార్. మేమే చూసినం."

"మరి గ్లాసును పండబెడితే?"

"తెల్వదు సార్. పెట్టి చూద్దాం, మళ్ల రాండ్రి."

ఆయన పకపకా నవ్వారు. మేడం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు మా పాప ఏదడిగినా, తెలిసినా సరే, "నాకు తెల్వదు, చూద్దాం పా" అంటాను. మొన్న వాళ్ల నాన్నతో మెల్లగా చెబుతోంది, "పాపం, అమ్మకు ఏం తెల్వదు" అని.