ఓబన్న, ఓబన్నా

మా అయ్యవారు పోయారన్న కబురు ప్రొద్దుటూరు బస్సు కండక్టరు తెచ్చాడు. పులివెందులలో నేను పనిచేసే బడి ముందు బస్సు దిగి, "మీ తెలుగు అయ్యోరు తెల్లార్తో పోయినాడంటప్పా, కూతురింట్లో" అన్నాడు. ఇంటికి పోయి మా నాయనకు చెప్పాను. ఆయన మేకలకు తుమ్మకొమ్మలు నరుకుతున్నాడు. తలెత్తలేదు. "కానీలే" అని మళ్ళీ కొడవలి అందుకున్నాడు.

మా నాయన పేరు ఓబన్న. ఆ పేరు తెలియకపోతే అయ్యవారి కథ తెలియదు.

మాది పెద్దముడియం దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో మా నాయన చిన్నాయన కొడుకును ఎవరో జొన్నచేని గట్టున గొడ్డలితో నరికారు. అంతకు నెలముందే మంద పంచుకునే దగ్గర మా నాయనకూ అతనికీ మాటామాటా వచ్చింది. బండి మీద జమ్మలమడుగు ఆసుపత్రికి తెచ్చేసరికి ప్రాణం కొట్టుకుంటోంది. మేజిస్ట్రేటు వచ్చేదాకా ఆగేట్టు లేదని, పక్క వీధిలో ఉన్న అయ్యవారిని పిలిపించి వాంగ్మూలం రాసుకోమన్నారు. ఆయన రాసింది ఒకటే వాక్యం. "ఓబన్న నన్ను గొడ్డలితో కొట్టినాడు." ఆ మాట మీదే మా నాయనకు యావజ్జీవ శిక్ష పడింది.

ఆ మాట రాసింది ఆయనేనని నాకు తెలియని రోజుల్లోనే అయ్యవారు మా ఊరొచ్చి, మా అమ్మను అడిగి, నన్ను జమ్మలమడుగు బళ్ళో చేర్చారు. గొర్రెలవాళ్ళ పిల్లోడి మీద ఈయనకు ఎందుకింత ప్రేమ అని ఊరంతా ముక్కున వేలేసుకుంది. నేనైతే దేవుడనుకున్నాను. నా పలకమీద రాసి విభక్తులు నేర్పించారు. "క్రియ ఎవర్నీ కాపాడదు నాయనా, విభక్తే కాపాడాల" అనేవారు. అదేదో పరీక్షకు పనికొచ్చే మాట అనుకుని రాసుకున్నాను.

ఆయన దగ్గర ఒక నల్లట్ట నోటుబుక్కు ఉండేది. అందులో సొంతంగా ఒక భాష కట్టుకుంటున్నారు. అంతకుముందు ఎక్కడినుంచో ఎస్పెరాంటో అనే కల్పిత భాష మీద ఒక చిన్న పుస్తకం తెప్పించుకుని నెలరోజులు చదివారు. చదివి విసిరికొట్టారు. "ఈ బాస కట్టినోడు పని పడినోని పేరుకు తోక పెట్టినాడు, బాగుంది. చేసినోడూ పిలిపించుకున్నోడూ ఇద్దరూ బోడిగానే ఉండారే! మల్లా అదే గుంత" అన్నారు. ఆయన భాషలో పేరు, చివర ఒక అక్షరం తోక లేకుండా బయటికి రాకూడదు. చేసినవాడికి 'గు', పడినవాడికి 'టి', పిలిపించుకున్నవాడికి 'షి'. ఆ అక్షరాలు తేలడానికే రెండేళ్ళు పట్టింది. మంచం మీద బోర్లా పడుకుని, దిండులో మొహం పెట్టి, మూలుగుతూ ఒక్కొక్క తోకా పలికేవారు. నేను వాకిట్లో నిలబడి ఏం వినబడిందో చెప్పాలి. 'ము' మూలుగులో కలిసిపోయిందని కొట్టేశారు. 'ఆ' అయితే అసలే వద్దన్నారు. ముసలాయనకు పిచ్చి ముదిరిందని నవ్వుకునేవాణ్ణి. నా నవ్వు తగలబడ!

నేను ప్రొద్దుటూరులో టీచరు ట్రైనింగు చదివేటప్పుడు ఒక ఆదివారం ఆయనను చూడబోయాను. నోటుబుక్కు నా ముందుకు తోసి, "దీన్ని మన భాషలోకి మార్చు" అన్నారు. 'ఓబన్న కొట్టినాడు' అని ఉంది. మా నాయన పేరు చూసి పెన్సిలు కింద పెట్టేశాను.

"ఏ తోక పెట్టాల అయ్యోరూ?"

"అదే నాకు తెలీదు నాయనా."

అప్పుడు చెప్పారు. ఆ పొద్దు చచ్చిపోయేవాడు అన్నది మూడే మాటలు. ఓబన్న, గొడ్డలి, కొట్టినాడు. 'ఓబన్న' చివర సాగింది. అది నొప్పికి సాగిందో, పిలుపుకు సాగిందో! పిలుపే అయితే కొట్టింది ఇంకెవరో. ఈయన వ్యాకరణం చదువుకున్న మనిషి. కర్త లేని వాక్యం రాయబుద్ధి కాలేదు. దీర్ఘం తీసేసి కర్తను నిలబెట్టారు, కర్మ లేదని 'నన్ను' తనే చేర్చారు. కోర్టులోనూ అట్లే చెప్పారు. శిక్ష పడినాక చచ్చినవాడి తల్లి, మా నాయనకు చిన్నమ్మ, ఈయన ఇంటికొచ్చి ఏడ్చిందట. "నా కొడుకు కాల్లో ముల్లిరిగినా ఓబన్నా అనే పిలుస్తాండె గదయ్యా" అని. ఆనాటినుంచి ఆయన పైవాళ్ళకు రాసుకున్న అర్జీలకు జవాబు రాలేదు. ప్రమాణం చేసి చెప్పిన మాట వెనక్కి రాదు కదా.

"నువ్వు నన్ను ఏమన్నా అను నాయనా" అన్నారు. లేచి వచ్చేశాను. ఏడాదిపాటు ఆయన గడప తొక్కలేదు. ఆయన ఉత్తరాలు చించి పొయ్యిలో వేశాను. మళ్ళీ ఎందుకు పోయానంటే, నా క్లాసులో పిల్లలకు సంబోధన చెబుతూ చెబుతూ బోర్డు మీద 'ఓబన్నా' అని రాశాను. నాకు ఆ అక్షరాలు పెట్టింది ఆయనే. ఆ కోపమూ ఆయనమీదే, ఆ రుణమూ ఆయనకే. రెండూ ఈరోజుకీ తీరలేదు.

మా నాయన జైలునుంచి వచ్చాక నేనే పులివెందుల తెచ్చుకున్నాను. "అయ్యోర్ని ఒకసారి చూద్దాం రా నాయనా" అని ఎన్నిసార్లు బతిమాలానో! రాలేదు.

పోయిన నెల ఆయన కూతురింటికి నేనొక్కడినే వెళ్ళాను. ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. "ఏదో ఒకే మాట అంటాండాడప్పా, మాకు తెలీడంల్యా" అంది కూతురు. వంగి చెవి పెట్టాను. దిండులో సగం మునిగిన నోటినుంచి స్పష్టంగా వినబడింది.

"ఓబన్నషి."

ఇంటికొచ్చి మా నాయనకు చెప్పాను, అయ్యోరు నిన్ను పిలుస్తాండాడని. "ఆ పొద్దు వాడు పిల్చింది ఆయనకు ఇనపడల్యా" అన్నాడు. "ఈ పొద్దు నాకు ఇనపడల్యా."

దహనానికి నేనొక్కడినే పోయాను. కూతురు ఆ నల్లట్ట నోటుబుక్కు నాకిచ్చింది. ఇంటికి తెచ్చి అరుగు మీద పెడితే, మా నాయన మేకల దగ్గరనుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు.

"నా పేరు యాడుంది?"

చివరి పేజీ తీశాను. వంకర అక్షరాల్లో రాసిన వాక్యం అదొక్కటే ఉంది, 'ఓబన్నషి కొట్టినాడు' అని. పేరు చూపించాను, తర్వాత తోక చూపించి, ఇది పిలుపుకని చెప్పాను.

"ఇదేనా?"

"ఇదే నాయనా."

"ఇంతేనా?" అని బొటనవేలు దాని మీద పెట్టాడు. కొడవలి పట్టి కాయలు కాసిన వేలు. ఎంతసేపు చూసినా తీయలేదు. దాని కింద ఆ అక్షరం ఎక్కడుందో కనబడలేదు.