తెర వెనక ఓనరు

టేపక్క పని చెడగొట్టినవాళ్ళ జాబితా రాస్తే మొదట నేను, తర్వాత రిటైరైన కండక్టర్ బాబాయి, ఆ తర్వాత మందుల షాపు వదిన. ఇప్పుడు ముగ్గురం బుద్ధిమంతులమైపోయాం కాబట్టి చెప్పుకోవడానికి సిగ్గులేదు.

మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది కాబట్టి ఆవిడ టేపక్క. కుట్టుపని చేస్తుంది. ఒక గది, ఒక మిషను, ఒక మనిషి. కొలతలు తీసేదీ, కత్తిరించేదీ, కుట్టేదీ, ఇస్త్రీ చేసేదీ ఆవిడే. ఆలస్యమైందని తిట్లు తినేదీ ఆవిడే. పక్కగదిలో నా జిరాక్సు కొట్టు. పొద్దున్నే నా మిషను వేడెక్కడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ వెళ్ళి టేపక్క బల్ల మీద కూర్చునేవాణ్ణి. మిషను వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కేదాకా లేచేవాణ్ణి కాదు. నేను లేస్తే బాబాయి వచ్చి, ముప్పై ఏళ్ళనాటి బస్సు ఎక్కించి, ఒక్క స్టాపు కూడా వదలకుండా తిప్పి దించేవాడు. ఆయన వెళ్ళేసరికి వదిన తన కోడలి సంగతులు మోసుకొచ్చేది.

టేపక్క ఎవర్నీ పొమ్మనలేదు. మొహమాటం మనిషి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఊఁ కొట్టేది. మేమేమో మా కబుర్లు అంత బాగున్నాయనుకునేవాళ్ళం.

అలాంటి మనిషికి బ్యాండు మేళంవాళ్ళ పని వచ్చింది. ముప్పై రెండు ఎర్ర కోట్లు. నెల తిరిగేసరికి, శనివారం మధ్యాహ్నానికి చేతికివ్వాలి. ఇస్తే ఏటేటా ఆ పని ఆవిడదే. ఒక్కరోజు ఆలస్యమైనా మెయిన్ రోడ్డు మీది పెద్ద షాపుకి పోతుంది. ఆ సంగతి మాకూ తెలుసు. తెలిసీ వెళ్ళి, కోట్లు ఎలా కుట్టాలో రోజూ గంటసేపు సలహాలిచ్చాం.

ఒక సోమవారం వెళ్ళేసరికి గది మధ్య తెల్లటి తెర కట్టి ఉంది. తెర వెనక కిటికీ వెలుగులో ఒక మనిషి నీడ. విశాలమైన భుజాలు, నెత్తిన టోపీ.

"ఎవరక్కా?" అన్నాను గొంతు తగ్గించి.

"ఓనరు. కొట్టు ఆయనకి ఇచ్చేశాను తమ్ముడూ. ఇప్పుడు నేను జీతానికి పనిచేస్తున్నా."

"అదేంటక్కా! మాతో ఒక్కమాటైనా చెప్పకుండా?"

"మెల్లగా! ఆయనకి కబుర్లు గిట్టవు."

నీడ ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి తల ఊపింది. బల్ల మీద అప్పుడే వాలబోతున్నవాణ్ణి అలాగే లేచి వచ్చేశాను.

మర్నాడు టేపక్క నా కొట్టుకొచ్చి బోర్డొకటి టైపు చేయించింది. 'పని వేళల్లో కబుర్లు నిషేధం. బల్ల మీద కూర్చోరాదు. బస్సు కథలు చెప్పరాదు. - ఓనరు'. మూడు కాపీలు తీసి నా చేతులతో నేనే ఇచ్చాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అది చదివి బాబాయి వారం రోజులు ఆ గుమ్మం తొక్కలేదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ మూడు వారాలూ మిషను ఆగితే ఒట్టు. గోడకి ఎర్ర కోట్లు ఒక్కొక్కటీ వేలాడసాగాయి. టేపక్క పళ్ళెం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిన్నది కూడా నేను చూడలేదు. ఎంత పని తీస్తున్నాడో దుర్మార్గుడు అని మేం ముగ్గురం మందుల షాపు ముందు నిలబడి తిట్టుకునేవాళ్ళం. ఆ ఓనరంటే నాకు కడుపు మండిపోయేది.

ఆఖరి వారం, బుధవారంనాడు టేపక్క కళ్ళు ఎర్రగా కనిపించాయి. పొరుగూళ్ళో వాళ్ళ అక్కకి శుక్రవారం కంటి ఆపరేషన్. అమ్మ పోయాక పెంచి పెద్దచేసింది ఆ అక్కే.

"మరి వెళ్ళట్లేదా అక్కా?"

"సెలవు అడిగాను తమ్ముడూ. ఓనరు ఒప్పుకోలేదు."

ఇక ఊరుకుంటే మనుషులమే కాదనిపించింది. గురువారం మధ్యాహ్నం టేపక్క గుండీలు కొనడానికి బజారుకెళ్ళగానే ముగ్గురం లోపలికి దూరి, తెర ముందు వరసగా నిలబడ్డాం. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, నమస్కారం. తమరు పెద్దవారు. ఆ అమ్మాయికి రెండ్రోజులు సెలవిప్పించండి."

నీడ అడ్డంగా తల ఊపింది.

"పోనీ ఒక్కరోజు?" అంది వదిన.

మళ్ళీ అడ్డంగానే.

"అసలు నువ్వు మనిషివేనా?" అని అరిచాను నేను.

దానికీ అడ్డంగానే ఊపింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. నీడ కదలడం మానేసింది.

"ఆగరా, ఆలోచిస్తున్నాడు," అన్నాడు బాబాయి.

ఆలోచించినకొద్దీ ఆలోచిస్తూనే ఉన్నాడు. ఓపిక నశించి తెర లాగేశాను. వెనక, కోట్లు తొడిగి చూసుకునే చెక్కబొమ్మ. దానికి తలకాయే లేదు. మెడకర్ర మీద ఒక బ్యాండు టోపీ. కాళ్ళ దగ్గర ఆగిపోయిన టేబుల్ ఫ్యాను. ఇన్నాళ్ళూ అటూ ఇటూ తిరుగుతూ తెరని ఊపింది అదే.

నవ్వు తన్నుకొచ్చింది గాని బయటికి రాలేదు. బొమ్మ గుండెల మీద గుండుసూదులతో చీటీలు గుచ్చి ఉన్నాయి. అన్నీ టేపక్క రాతే. నీలం సిరాతో అడిగినవి, ఎర్ర సిరాతో జవాబులు.

'ఇవాళ తొమ్మిది కాలర్లు అయ్యాయి.' కింద ఎర్రగా, 'చాలవు.'

'నడుం పట్టేసింది. కాసేపు పడుకోవచ్చా?' 'కోట్లయ్యాక.'

'అక్కకి శుక్రవారం ఆపరేషన్. భయంగా ఉందంటోంది. ఒక్కరోజు వెళ్ళొస్తాను.' 'కుదరదు. గుండీలెవరు కుడతారు?'

ఆ చీటీ మీద సిరా ఒకచోట అలుక్కుపోయింది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకైతే చెంపలు వాయించుకోవాలనిపించింది. మమ్మల్ని పొమ్మనలేక ఒక రాక్షసుణ్ణి తయారుచేసుకుంది. వాడు మమ్మల్ని వదిలిపెట్టి ఆవిణ్ణి పట్టుకున్నాడు.

గోడవైపు చూశాం. ముప్పై రెండు కోట్లూ ఉన్నాయి, కాజాలు కూడా కుట్టేసింది. ఇక కోటుకి ఎనిమిది గుండీలు కుడితే పని పూర్తవుతుంది.

"నాకు సూది పట్టుకోవడం వచ్చు," అంది వదిన.

"టిక్కెట్లు చింపిన చేతులివి, గుండీలు ఒక లెక్కా?" అన్నాడు బాబాయి.

బల్ల మీది ఎర్ర పెన్ను తీసి, 'కుదరదు' కొట్టేసి, టేపక్క రాతలా రాయబోయి నా రాతలోనే రాశాను. 'సెలవు మంజూరు. గుండీలు బయటివాళ్ళకి అప్పగించి వెళ్ళగలరు. - ఓనరు.' తెర మళ్ళీ వేసేసి, గుమ్మం బయట తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం.

టేపక్క గుండీల పొట్లంతో వచ్చింది. మమ్మల్ని అనుమానంగా చూసి తెర వెనక్కి వెళ్ళింది. కాసేపటికి ముక్కు చీదిన చప్పుడు. బయటికొచ్చి, మా మొహాలు చూడకుండా పొట్లం వదిన చేతిలో పెట్టింది.

"ఓనరు ఒప్పుకున్నారు," అంది.

"మంచాయనే పాపం. మనమే అపార్థం చేసుకున్నాం," అన్నాను.

"దారం పొడుగ్గా తీసుకోకండి, చిక్కుపడుతుంది." అంతే, సాయంత్రం బస్సెక్కేసింది.

శుక్రవారం మా రెండు కొట్ల పనీ మూలపడింది. బాబాయి గుండీకొక స్టాపు పేరు చెబుతూ కుట్టాడు. వదిన కోడల్ని కూడా లాక్కొచ్చింది. తీరా చూస్తే అందరికంటే బాగా కుట్టింది ఆ కోడలే. శనివారం మధ్యాహ్నం బ్యాండువాళ్ళు కోట్లు తొడుక్కుని చూసుకుని, వచ్చే ఏటి మాట కూడా చెప్పి వెళ్ళారు.

సోమవారం పొద్దున టేపక్క కొట్టు తెరిచింది. ఆత్రం ఆపుకోలేక గుమ్మందాకా వెళ్ళాను.

"అక్కకెలా ఉంది?"

"కట్టు విప్పగానే ఎదురుగా నన్ను చూసింది తమ్ముడూ. చిక్కిపోయావేంటే, మీ ఓనరు తిండి పెట్టడా అంది." మెడలో టేపు సర్దుకుని, "లోపల నీకేదో చీటీ ఉంది చూడు," అంది.

తెర తీసి చూశాను. ఓనరు గుండెల మీద, ఎర్ర సిరాతో, కొత్త చీటీ. 'పదమూడో కోటుకి ఏడే గుండీలున్నాయని బ్యాండువాళ్ళ ఫిర్యాదు. బాధ్యులు సంజాయిషీ ఇచ్చుకోవాలి.'

నీలం సిరాతో రాసిచ్చాను. బల్ల మీద కూర్చునే రాశాను, ఆవిడ ఏమీ అనలేదు.