డ్రిల్లు సారు మడవడం నేర్పిన మోకాలు

మా డ్రిల్లు సారు మొన్న పొద్దున పోయారు. ఈ సంగతి రాయడానికి ఊళ్లో పెద్దలు, రిటైరైన అయ్యవార్లు, నాకంటే పద్ధతిగా ఏడవగలవాళ్లు ఎందరో ఉండగా, రెండు దఫాలు రాసి డిగ్రీ గట్టెక్కిన నేను కలం పట్టినందుకు మహాజనులు, సభాసదులు, సకల పాఠకులు నన్ను క్షమించాలి. నాకున్న అర్హత ఒక్కటే, నా కుడి మోకాలు. అది సారు చేతిలో రెండోసారి పుట్టింది.

తొమ్మిదో తరగతిలో, బళ్లో లాంగ్‌జంప్ గుంత దగ్గర, నేల తన్ని ఎగరబోయిన క్షణంలోనే లోపల టప్పుమంది. మోకాలిచిప్ప కింద ఎముక ముక్క ఊడివచ్చింది. నాయన వెదురుబద్దలతో కట్టు కట్టే ఆయన దగ్గరికి పోదామన్నాడు. సారు వినకుండా మమ్మల్నిద్దరినీ ఆటో ఎక్కించి అనంతపురం తీసుకుపోయారు. "ఎదిగే వయసు ఎముక ఇది. కండ గట్టిగా లాగితే ఆ ముక్క ఊడొస్తుంది" అని చెప్పి, డాక్టరు రెండు స్క్రూలు వేసి కాలంతా పిండికట్టు వేశాడు.

సారే దూకమన్నారన్న మాట అప్పటికే నాయన చెవిన పడింది. ఆస్పత్రి వరండాలోనే తగులుకున్నాడు.

"ఏం సారూ, పిల్లోని చేత అట్లా దుంకిచ్చొచ్చునా? వాని కాలు పోతే యాడనుంచి తెస్తావప్పా?"

సారు నా వైపు ఒకసారి చూశారు. "తప్పు నాదేలేన్నా. వాన్ని నడిపిచ్చే పూచీ గూడా నాదే" అన్నారు.

హెడ్మాస్టరు ఆ గుంతలో ఇసుక తోడించి, మట్టితో పూడ్పించాడు. పిల్లల్ని పోటీలకు తీసుకుపోవడం సారు చేత మాన్పించారు. రిటైరయ్యేదాకా ఆయనకు ప్రార్థన వరుసలు సరిచేసే పని మాత్రమే మిగిలింది.

కట్టు విప్పాక కాలు కొయ్యలా బిగుసుకుపోయింది. కదిలిస్తే మళ్లీ విరుగుతుందని ఇంట్లోవాళ్లు మంచం దిగనివ్వలేదు. సారు రోజూ సాయంత్రం వచ్చి, డాక్టరు చూపినట్టే, అరుగు అంచున కూర్చోబెట్టి, మడమ కింద చెయ్యి ఆనించి మెల్లగా మడిపించేవారు. నేను ఊరు వినేలా అరిచేవాణ్ణి.

"అరుచురా, బాగా అరుచు. నోటికేం ఫ్రాక్చరు కాలేదు గదా. మోకాలు మాత్రం మడుచు."

బలం రావడానికి చీలమండకు శెనక్కాయల సంచి కట్టి కాలు ఎత్తించేవారు. ఆయన అటు తిరగ్గానే నేను బరువు తినేసేవాణ్ణి. వారానికి సంచి చేత్తో ఎత్తి చూసి, "ఏమప్పా, నీ కాలికి బలమొచ్చెనా, సంచి బక్కసిక్కెనా?" అన్నారు. మర్నాడు దాంట్లో ఇసుక నింపి తెచ్చారు. గుంతలోంచి తోడిపారేసిన ఇసుక.

నాలుగు నెలలకు నేను గొంతుక్కూర్చుని, ఏమీ పట్టుకోకుండా లేచాను. సారు విజిల్ నోట్లో పెట్టుకున్నారు గానీ ఊదలేకపోయారు.

నిన్న మట్టి చేసి వస్తుంటే నాయన అన్నాడు: "మంచోడేరా. ఆ పొద్దు నీ చేత దుంకియ్యకుండా ఉండింటే, ఇంకెంతమంది పిల్లోళ్లను తయారు చేసుండునో."

ఏ మాటకైనా జోకేసి తప్పించుకునే రకం నేను. నిన్న మాత్రం ఇంటికొచ్చి కాగితం, కలం ముందేసుకున్నాను.

సారు నన్ను దూకమనలేదు. అంతకు నెల ముందునుంచే చిప్ప కింద నొప్పిగా ఉంటే, వేలితో నొక్కి చూసి, అది తగ్గేదాకా గుంత దగ్గరికి రావద్దన్నారు. ఆయన బెల్లు కొట్టడానికి పోయినప్పుడు నేనే పరుగెత్తి దూకాను. ఆటోలో, నా కాలు కుదుపుకు కదలకుండా ఆయన ఒళ్లో పెట్టుకుని పట్టుకుని ఉండగానే, "సారే దుంకమన్యాడు నాయనా" అని చెప్పింది నేను.