ముందు కంచె, ఆపైన చేను

ఆమె నంబరు నుంచే ఫోను వచ్చింది. "చెప్పత్తా, చేరినావా?" అన్నాను. అటువైపు ఎవరిదో మగగొంతు.

"నేను బస్సు కండక్టర్నప్పా. ఈ ఫోను పెద్దమ్మ నీకేం కావాల? ఆళ్లగడ్డ వచ్చె, దిగమ్మా అంటే దిగల్యా. నిద్రపోతాందనుకున్యా. ఆస్పత్రికి తెచ్చినాం. ల్యాదంటాండారు."

నాకు అర్థం కాలేదు. ఎవరు లేరు? ఇందాకే నంద్యాలలో మా ఇంట్లో మజ్జిగన్నం తిని, ఊరగాయలో ఉప్పు తక్కువైందని వంక పెట్టిన మనిషి. నేనే బస్సెక్కించాను. ఆమె తాగిన గ్లాసు ఇంకా కడగనేలేదు. ఇది రాస్తున్న ఈ పూటకూ నా బుర్ర ఆ ఫోను దగ్గరే ఆగిపోయి ఉంది.

ఆమె మా మేనత్త. ఆళ్లగడ్డ అవతల, నల్లమల అడవిని ఆనుకుని ఉన్న పల్లెలో మామతో కలిసి శనగా జొన్నా పండించేది. అక్కడ అడవిపందుల బెడద ఎక్కువ. కొందరు చేను చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ లాగేవారు. అలాంటి తీగకే ఒకసారి ఆమె ఎద్దు పోయింది. కేసు పెట్టమని ఊరంతా పోరింది. ఆమె ఒడినిండా కుసుమ గింజలు పోసుకుని, ఆ తీగ పెట్టినవాళ్ల ఇంటికే వెళ్లింది. "ఈ పొద్దు నా ఎద్దు పాయ. రేపు నీ పెండ్లామే కావొచ్చు. ఇయ్యి చల్లుకోప్పా" అని చెప్పి వచ్చిందట.

కుసుమ ముదిరితే ఒళ్లంతా ముళ్లే. చేను చుట్టూ దట్టంగా ఉంటే పంది మూతి పెట్టడానికి జంకుతుంది. గింజ నూనెకు పనికొస్తుంది. ఇది ఆమె కనిపెట్టిందేమీ కాదు, తాతల నాటి పద్ధతే. అందరూ మరిచిపోయారు, ఆమె మరవలేదు, అంతే. అడవి అంచు రైతులందరినీ బతిమాలి, తిట్టి, ఒకరి గట్టు నుంచి ఇంకొకరి గట్టుకు తెగకుండా కుసుమ వేయించింది. ఎవరి చేలో విత్తినా ఆమె నాగటి సాలు మొదట్లో నిలబడి "ఊఁ, ఎయ్యప్పా" అనాలి. ఆ మాట పడందే ఎవరూ గింజ వదిలేవారు కాదు.

"పందుల వకీలమ్మ వచ్చింది" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"పంది కడుపూ కడుపే అల్లుడా. దానికి అడివుండాది, మనకు చేనుండాది. నడమ గట్టుండాల, పాడె కాదు" అనేది. అంటూనే సంచిలోంచి జొన్నలు తీసి మా డబ్బాలో పోసేది. నేను తిన్న మంచి తిండిలో చాలావరకు ఆమె చేతి పంటే.

నిరుడు పక్క చేని ఆయన ఒక పొరపాటు చేశాడు. కుసుమా శనగా ఒకే రోజు వేశాడు. శనగ కాయ పట్టేనాటికి కుసుమ ఇంకా ముదరలేదు, కూరాకులా మెత్తగానే ఉంది. పందులు దాన్ని తొక్కుకుంటూ పోయి చేనంతా కుళ్లగించాయి. ఆయన మండిపడ్డాడు. "నీ ముండ్లు నీకాడే పెట్టుకో అక్కా. ఈతూరి తీగే."

"గోడ ల్యాకుండా కాపురం పెట్టినావు, నీదే తప్పు. ముందు కంచె, ఆపైన చేను. ఈ ఒక్కతూరి నా మాట ఇను. గింజలు నేనే తెచ్చిస్తా" అంది అత్త.

ఆయన ఔననలేదు, కాదనలేదు. ఆయన ఇంట్లో తీగచుట్ట మాత్రం సిద్ధంగా ఉందని ఆమెకు దిగులు. ఆ చేని పక్క నుంచే ఆడవాళ్లు చీకటితో కూలికి పోతారు. ఆ గింజల కోసమే ఆమె నంద్యాల వచ్చింది. "ఎండగా ఉంది, చల్లబడినాక పోదువులే అత్తా" అన్నాను. "నాకోసం నేల పదును ఆగుతాదా?" అని సంచి ఎత్తుకుంది.

ఆమెతోపాటు ఆ సంచీ ఊరు చేరింది. విత్తే ముందు గింజలను చర్చిలో పెట్టి ప్రార్థన చేయించడం ఆ పల్లె ఆనవాయితీ. మరుసటి రోజు మామ ఆ సంచిని తెచ్చి శవపేటిక పక్కన పెట్టాడు. పాస్టరుగారు ఆమెకూ గింజలకూ కలిపే ప్రార్థన చేశారు. నేను ఏడవలేదు. ఏడవాలంటే ముందు నమ్మాలి కదా.

మట్టి కప్పడం అయిపోగానే పక్క చేని ఆయన ఆ సంచి భుజానికెత్తుకున్నాడు. చావు జరిగిన ఊళ్లో ఆ రోజు ఎవరూ విత్తరు. "మన్ను ఆరకముందే ఏందప్పా ఇది?" అని ఒక పెద్దాయన గద్దించాడు.

"పోనీ అన్నా. ఆయమ్మే ఉంటే ఆగునా?" అన్నాడు మామ.

వెనకే అందరం వెళ్లాం. తీగకు గుంజలు పాతి ఉంటాయనుకున్నాను. గుంజల్లేవు. గట్టు వెంట చుట్టూరా సాలు తోలి ఉంది.

"అక్క నంద్యాలకు పాయ అని తెలిసినాక తోలినా. వచ్చినాక చూపిద్దామనుకున్యా" అన్నాడాయన, ఎవరి ముఖమూ చూడకుండా. ఆయన ఒప్పుకున్న సంగతి మా అత్తకు తెలియదు. అప్పుడు ఏడ్చాను.

ఆయన పిడికెడు గింజలు తీసుకుని సాలు మొదట్లో నిలబడ్డాడు. వదల్లేదు. అలవాటు కొద్దీ అత్త అనే "ఊఁ, ఎయ్యప్పా" కోసం ఆగాడు. దూరంగా దారి మీద ఆళ్లగడ్డ బస్సు ఆగింది. దిగేవాళ్లు దిగారు. ఆయన వాళ్లనే చూస్తున్నాడు. బస్సు కదిలి మలుపు తిరిగి కనుమరుగయ్యాక, పిడికిలి విప్పాడు.