మూడో భాగం కోసం సర్ధనా దాకా

సర్ధనా చర్చి గురించి నేను మొదట విన్నది సువార్తక్క నోట. అమ్మ పనిచేసే ఢిల్లీ ఆసుపత్రిలోనే ఆమె కూడా నర్సు. తెనాలి వైపు మనిషి, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. మేమిద్దరం ఒకే రకం ఇంగ్లీషు నవలలు చదివేవాళ్ళం. అన్నీ వందేళ్ళ కిందటి కథలు. తల్లీతండ్రీ లేని ఒక పాస్టరుగారి అమ్మాయి, కొండ మీది పాత బంగళాకి పిల్లలకి చదువు చెప్పడానికి వెళ్తుంది. ఇంటి యజమాని ఎవరితోనూ మాట్లాడడు. తాళం వేసిన ప్రార్థన గదిలో దీపం కదులుతుంటుంది. అమ్మాయి భయపడుతుంది, మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటుంది, మళ్ళీ ఆ తలుపు దగ్గరికే వెళ్తుంది. చివరి పేజీలో పెళ్ళి, ఒకే ఒక్క ముద్దు, అదీ ఆమెన్ తర్వాత. మా కాన్వెంట్‌లో సిస్టర్లు లాక్కోకుండా వదిలేసిన ప్రేమకథలు ఇవి మాత్రమే. నాకు మనుషులతో మాట్లాడటం రాదు. ఆ అమ్మాయిలకీ రాదు. అందుకే కాబోలు అంత ఇష్టం. "ఇలాంటివి చూడ్డానికి ఇంగ్లండు దాకా ఎందుకే, మీరట్ పక్కన సర్ధనాలో ఉంది. ఒక ఆదివారం ఇద్దరం పోదాం" అనేది అక్క. ఇద్దరం పోలేదు. రంగుల టీవీలు వచ్చిన మరుసటి చలికాలం నేనొక్కదాన్నే వెళ్ళాను. అప్పటికి అక్క అక్కడే ఉంటోంది, నావల్ల.

ఎలాగో చెప్పాలి. నర్సుల హాస్టల్లో ఒక్క నవలకి పదిహేనుమంది కాచుకుని ఉండేవారు. లావుపాటి పుస్తకం చేతికి రాగానే బ్లేడుతో మూడు భాగాలు చేసేవారు. ఆపరేషన్ థియేటర్లో మిగిలిన కుట్టుదారంతో ఒక్కో భాగాన్నీ కుట్టి, ఖాకీ అట్ట వేసేవారు. పొద్దుటి డ్యూటీవాళ్ళు ఒకటి, సాయంత్రంవాళ్ళు ఒకటి, నైట్‌వాళ్ళు ఒకటి చదివి మార్చుకునేవారు. ఎవరి తర్వాత ఎవరో తలుపు వెనక చీటీ అంటించి ఉండేది. అందులో అమ్మ పేరూ ఉండేది, నా పేరూ ఉండేది. హాస్టల్‌కీ మా క్వార్టర్‌కీ మధ్య భాగాలు మోసే పని నాది.

ఆ చలికాలానికి ముందు అక్టోబరులో ఒక నవల రెండో భాగం నా దగ్గర ఉంది. మూడోది అక్క చదవడం అయిపోయి, అమ్మకివ్వమని నాకిచ్చింది. దారిలో పేజీల మధ్య మడతపెట్టిన కాగితం అంచు కనిపించింది. ఉత్తరమని తెలుస్తూనే ఉంది. ఇతరుల ఉత్తరాలు ముట్టకూడదని కాన్వెంట్‌లో నేర్పారు. ముట్టలేదు. ఉన్నచోటే ఉంచి, పుస్తకం అమ్మకిచ్చాను. తీసి అక్కకి తిరిగిచ్చేస్తే సరిపోయేది. ఆ ఆలోచన నాకు మర్నాటిదాకా రాలేదు. ఎక్స్‌రే విభాగంలో పనిచేసే ఒక పంజాబీ అతను అక్కకి రాసిన ఉత్తరం అది. అమ్మ దాన్ని అక్కకివ్వలేదు. పుస్తకంతో సహా మా తెలుగు చర్చి సంఘం పెద్దలకిచ్చింది, అక్క మేలు కోరే. క్రైస్తవుడు కాని అన్యుడితో పొత్తేమిటని ప్రార్థన కూటంలో అందరి ముందూ ఆమెని నిలబెట్టి అడిగారు. అతను సెలవు పెట్టి ఊరెళ్ళాడు, పెళ్ళి చేసుకుని తిరిగొచ్చాడు. అక్క ఉద్యోగం మానేసి సర్ధనాలో ఒక చిన్న మిషన్ దవాఖానాలో చేరింది. పెద్దలు ఉత్తరం తమ దగ్గర ఉంచుకుని, మూడో భాగం మాత్రం ఆమెకి తిరిగిచ్చారు.

క్షమించమని అడగడానికి వెళ్ళాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని బట్టీ పట్టాను. మొదటి రెండు భాగాలూ సంచిలో పెట్టుకున్నాను. అమ్మతో చర్చి చూసొస్తానన్నాను. అమ్మ ఏమీ అడగలేదు. గోంగూర పచ్చడి సీసా ఒకటి సంచిలో పెట్టింది. ఎవరికని నేనూ అడగలేదు.

ఆరున్నరకి ఊరి చుట్టూ తిరిగే ముద్రికా బస్సెక్కితే కశ్మీరీ గేటు బస్టాండుకి ఏడూ ఇరవై అయింది, టికెట్టు రూపాయి. మీరట్‌కి యూపీ రోడ్‌వేస్ బస్సులు అరగంటకొకటి ఉంటాయి, తొమ్మిది రూపాయలు. ఆడవాళ్ళు డ్రైవరు వెనక సీటు అడిగితే ఇస్తారు. అడగాలి. నేను అడగలేక ఆఖరి వరసలో కూర్చున్నాను. యమున వంతెన మీద పొగమంచు ఎంతగా ఉందంటే నీళ్ళు కనిపించలేదు. నవలల్లో ఇలాంటి మంచులోంచే గుర్రబ్బండి వస్తుంది. ఇక్కడ చెరకు బండ్లు వచ్చాయి, మోదీనగర్ దాకా వరసగా. కండక్టరు టికెట్టు చింపుతూ ఎక్కడిదాకా అని అడిగాడు. సర్ధనా అన్నాను. "చర్చి మేళా నవంబర్లో అయిపోయింది కదా బెహన్‌జీ, ఇప్పుడు అక్కడ ఎవరున్నారు?" అన్నాడు. మా అక్క ఉంది అన్నాను. ఆ రోజు నేను గట్టిగా చెప్పిన మాట అదొక్కటే.

మీరట్‌లో దిగేసరికి పది దాటింది. సర్ధనా బస్సు అదే స్టాండులో వెనక వైపు నిలబడుతుంది, రెండున్నర రూపాయలు, ముప్పావుగంట. నిండితేగానీ కదలదు. దిగాక రిక్షాకి రూపాయి అడుగుతారు, నడిస్తే పదిహేను నిమిషాలు. చర్చి మాత్రం నిజంగా చూడాల్సిందే. ఒకప్పుడు ఈ ఊరిని ఏలిన బేగం, క్రైస్తవం పుచ్చుకున్నాక కట్టించింది. దారి పొడుగునా బెల్లం వండే వాసన, పేడ పిడకలు, ఇటుక గోడలు, ఉన్నట్టుండి ఆకాశంలోకి రెండు తెల్లటి గోపురాలు. లోపల ఆమె సమాధి మీద ఎత్తయిన పాలరాతి బొమ్మలున్నాయి. చలికి రాయి చెమర్చి ఉంది. మామూలుగా అయితే నేనక్కడ ఒక పూటంతా కూర్చునేదాన్ని. ప్రతి తలుపూ తోసి చూసేదాన్ని. ముసలి చౌకీదారు పక్క గది తాళం కూడా తీస్తానన్నాడు. ఆ గదిలో ఏముందని అడిగితే, "కుర్చీలు బేటీ, విరిగినవి" అన్నాడు. పావుగంటలో బయటికొచ్చి దవాఖానా దారి అడిగాను.

అక్క వరండాలో గాయాలకి కట్టే పట్టీలు మడుస్తోంది. నన్ను చూసి లేవలేదు, మడిచే పట్టీ పూర్తి చేసింది. "రా గ్రేస్, చలికి నీలుక్కుపోయావు" అంది. ఆమె గది మంచమంత వెడల్పుంది. అన్నం, పప్పుచారు, గుడ్డు వేపుడు పెట్టింది. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా అని అడిగింది. తగ్గలేదన్నాను. వేడి ఇసక కాపడం పెట్టమని చెప్పింది. పచ్చడి సీసా తీసి ఇస్తే మూత వాసన చూసి, ఎవరు చేశారో తెలిసిపోయినట్టు గూట్లో వెనక్కి పెట్టేసింది. నేను బట్టీ పట్టిన మాటల కోసం వెతుక్కుంటూ, రెండు భాగాలూ తీసి కంచం పక్కన పెట్టాను.

"రెండోది అయిపోయిందా?" అంది.

"అయిపోయిందక్కా. ఆమె ప్రార్థన గది తలుపు మీద చెయ్యి వేస్తుంది, అక్కడ ఆగిపోయింది."

అక్క నవ్వింది. వచ్చాక అదే మొదటిసారి. "ఎవరు కోశారో, సరిగ్గా చూసి కోశారు."

"నువ్వే కోశావు."

ఇద్దరం నవ్వాం. పాత రోజుల్లా ఉంది. మాట చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను. వచ్చింది ఇది: "ఆ గదిలో ఎవరున్నారక్కా?"

ఆమె నవ్వు ఆగిపోవడం చూశాను. నా కంచంలోకి ఇంకో గరిటె పప్పుచారు పోసింది.

"ఇంతదూరం నా కోసం వచ్చావా గ్రేస్, మూడో భాగం కోసమా?"

నీ కోసమే అనాలి. అంటే సగం అబద్ధం. దానికోసం కూడా అనాలి. అంటే ఆ ఇంట్లో ఇంకో ముద్ద తినలేను. అబద్ధం ఆడకూడదనీ, మనసు నొప్పించకూడదనీ, రెండూ నాకు ఒకే బడిలో నేర్పారు. కంచం కేసి చూస్తూ కూర్చున్నాను. ఆమె కొంచెంసేపు చూసింది. ఆ కొంచెంసేపూ నాకోసమే ఆగిందని ఇప్పుడు అర్థమవుతోంది. తర్వాత మంచం కింది పెట్టె లాగి, ఖాకీ అట్ట తీసి నా ఒళ్ళో పెట్టింది.

"తీసుకెళ్ళు. చీటీలో నీ పేరు ఇంకా మిగిలే ఉంది."

మొదటి రెండు భాగాలు కూడా తిరిగి నా సంచిలో తనే సర్దింది. మూడున్నర బస్సు పోతే మళ్ళీ ఐదింటికని, అదే ఆఖరిదని చెప్పింది. గుమ్మం దాకా వచ్చింది. మళ్ళీ రమ్మనలేదు.

మీరట్ దాటాక, కిటికీ పక్కన సీటు దొరికాక అట్ట బయటికి తీశాను. అవును, ఇల్లు చేరేదాకా కూడా ఆగలేకపోయాను. పుస్తకం తెరుచుకోలేదు. వీపు వైపే కాదు, పైన, కింద, పక్కన కూడా కుట్టేసి ఉంది. నల్లటి దారం, ఒక్కో కుట్టుకీ విడిగా ముడి, గాయం మీద వేసినట్టు. వంద దాకా ఉంటాయి. ఎన్ని సాయంత్రాలు పట్టిందో.

ఇది జరిగి ఏడాదిన్నర. బ్లేడు పెడితే రెండు నిమిషాల పని. పెట్టలేదు. అక్కకి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఆ నవలలు ఇప్పటికీ చదువుతాను. దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద ఆదివారం రెండు మూడు రూపాయలకి దొరుకుతాయి. మంచు, బంగళా, దీపం, అన్నీ ఇప్పటికీ బాగానే ఉంటాయి. చివరి పేజీలో వాళ్ళు ఒకరినొకరు క్షమించుకునే చోట మాత్రం, రచయితలు తొందరపడ్డారనిపిస్తుంది. అక్కడ ఎవరో ఒకరు ఎప్పుడూ సమయానికి సరైన మాట అంటారు. తలుపు తీయడం పెద్ద విషయమే కాదు. నేను ఒక తలుపు ముందు అన్నం తింటూ కూర్చుని, పక్క తలుపు గురించి అడిగాను.

మీరు వెళ్ళాలనుకుంటే నవంబరు మేళా తర్వాత వెళ్ళండి, జనం ఉండరు. చర్చికి గంట చాలు. ఎవరినైనా కలవడానికి వెళ్తున్నట్టయితే మాత్రం చెప్పాల్సిన మాట గుమ్మంలోనే చెప్పేయండి, చెప్పులు కూడా విడవకముందే. కంచం ముందు కూర్చున్నాక వేరే మాటలు వస్తాయి, బస్సు టైము అయిపోతుంది.