పూజకు పెట్టిన టాంటో కత్తి

మా జిల్లా పేరు మారిన కొత్తల్లో నన్ను జగ్గయ్యపేట - నందిగామ సెక్షనుకు రూట్ పెట్రోల్ సూపర్‌వైజరుగా వేశారు. హైవే నిర్వహణ కాంట్రాక్టు తీసుకున్న ఒక ప్రైవేటు కంపెనీ మాది. రోడ్డు మీద బండి ఆగినా, బోల్తా పడినా ముందు చేరేది మా పెట్రోల్ బండే. అందులో ఒక టీమ్ లీడరు, ఇద్దరు హెల్పర్లు ఉంటారు. వాళ్ల పైన సూపర్‌వైజరు, ఆపైన ప్రాజెక్ట్ మేనేజరు. కోన్లు పెట్టి ట్రాఫిక్ మళ్లించడం, అంబులెన్సు వచ్చేలోపు ఇరుక్కున్న మనిషిని బయటికి తియ్యడం మా పని.

మనిషిని తియ్యాలంటే ముందు సీటు బెల్టు కొయ్యాలి. అప్పటిదాకా మా బండిలో ఉన్నది ఒక పాత హాక్సా రంపం. అది బెల్టును కొయ్యదు, కొరుకుతుంది. ఆ సంగతి పైవాళ్లకు పదేపదే చెప్తే, చివరికి ఒక కత్తి నమూనా పంపి, అన్నివిధాలా పరీక్షించి రిపోర్టు ఇవ్వమన్నారు. బాగుందంటే బండికొకటి కొంటారు.

అది టాంటో అనే జపాను రకం కత్తి. మామూలు కత్తి మొన వంపు తిరిగి సన్నబడుతుంది. దీని మొన ఉలిలా కోణంగా తెగి, చివరిదాకా మందంగా ఉంటుంది. రేకులో గుచ్చి మెలితిప్పినా విరగకూడదని అలా చేస్తారు. మడతపడే కత్తి కాదు, పిడి చివరిదాకా ఒకే ఉక్కు. ధర కూడా అందుబాటులోనే ఉంది. అయితే స్టెయిన్‌లెస్ స్టీలు కాదు, తుప్పు పట్టే ఉక్కు. తుప్పు రాకుండా పైన నల్లటి పూత వేశారు. బిగుతుగా పట్టే ప్లాస్టిక్ ఒర ఇచ్చారు.

పరీక్షలు నేనే స్వయంగా చేశాను. జగ్గయ్యపేట పాత ఇనుము యార్డుకు వెళ్లి సీటు బెల్టులు కోశాను. కారు తలుపు రేకులో గుచ్చి డబ్బా మూత తీసినట్టు చీల్చాను. సుబాబుల్ మొద్దు మీద పెట్టి వెనక నుంచి సుత్తితో కొట్టాను. లారీ పట్టా, నైలాను తాడు, టైరు ముక్క దేన్నీ వదల్లేదు. అన్నీ అయ్యాక కాగితం కోస్తే సర్రున తెగింది. పూత చాలాచోట్ల లేచిపోయింది గానీ మొన చెక్కు చెదరలేదు. మా టీమ్ లీడరు శివయ్య, "సార్, ఇది కత్తి కాదండి, గడ్డపారకి తమ్ముడు" అన్నాడు. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. ఇది ఉండగా ఆ రంపం ఎందుకని బండిలోంచి తీయించి స్టోర్లో పడేయించాను.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా ఆఫీసు ఆవరణలో పెట్రోల్ బండికి, క్రేనుకు, జాకీలకు బొట్లు పెట్టి దండలు వేశాం. కొత్త కత్తిని అన్నిటికన్నా ముందు అమ్మవారి పటం దగ్గర పెట్టాను. దిష్టి నిమ్మకాయలు దాంతోనే కోశాను. ఆ తడి మీదే రెండువైపులా గంధం పూసి, నిండుగా కుంకుమ అద్ది, ఒరలో దోపాను. పైగా పిడినీ ఒరనీ కలిపి ఎర్రదారం చుట్టాను. బండి మీద బొట్టు దానంతట అది పోవాలే తప్ప తుడవకూడదని మా ఇంట్లో పట్టింపు. శివయ్య పండగయ్యాక కత్తి తుడుస్తానని గుడ్డ తీసుకుని వస్తే, "అమ్మవారి బొట్టయ్యా, చెరపకు" అని కసిరాను. ఆయుధానికి మర్యాద చేశాననుకున్నా. అంత తెలివైనవాణ్ణి!

పండగ వెళ్లాక ముసురు పట్టింది. ఒక ఉదయం జగ్గయ్యపేట దాటి నందిగామ వైపు వస్తున్న సిమెంటు లారీ, గేదె అడ్డం వస్తే తప్పించబోయి పక్క కాలవలోకి ఒరిగింది. మేం వెళ్లేసరికి డ్రైవరు బెల్టుకు వేలాడుతున్నాడు. నందిగామ మనిషి, పేరు మస్తాన్. బెల్టు అతని ఎడమచెయ్యికి మెలిపడి, ఒంటి బరువంతా ఆ చంక మీదే పడింది. తెలివిలోనే ఉన్నాడు. "సారూ, చెయ్యి తిమ్మిరెక్కుతాంది, తొందరగా కొయ్యండి" అన్నాడు.

నేను అద్దం పగిలిన చోటు నుంచి లోపలికి వంగి కత్తికి చెయ్యి వేశాను. దారం అడ్డం వచ్చింది. పళ్లతో కొరికి తెంపాను. లాగితే కత్తి రాలేదు. శివయ్య ఒర పట్టుకున్నాడు, నేను పిడి పట్టుకున్నాను. ఇద్దరం చెరోవైపు గుంజాం, కదల్లేదు. పూత పోయిన ఉక్కుకు నిమ్మరసం తగిలి తుప్పు లేచింది. గంధం ఎండి సందులో బిగుసుకుంది. ఒర అంచున ఎర్రగా పొడి రాలుతుంటే అది కుంకుమో తుప్పో నాకే తెలియలేదు.

గట్టు మీద అప్పటికే జనం చేరారు. "తాళంచెవి ఇంటికాడ మర్చిపోయినట్టున్నార్రా" అని ఎవరో అన్నారు. పొలానికి పోతున్న ఒక పెద్దామె ఆ తెగిన దారం వంక, రాలుతున్న కుంకుమ వంక చూసి, "పూజ చేసినదాన్ని వాడుకోవాలి గానీ దాచుకుంటారా నాయనా?" అంది. తిట్టినా అంత తగిలేది కాదు. యూనిఫారం వేసుకుని, ఛాతీ మీద సూపర్‌వైజరని బిళ్ల పెట్టుకుని, ఒర ఊడని కత్తితో అంతమంది మధ్య నిలబడ్డా. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రంపం గుర్తొచ్చింది. అది స్టోర్లో ఉంది. చివరికి వెనక ఆగిన లారీ డ్రైవరు, వంటకు ఉల్లిపాయలు తరుక్కునే చాకు ఇచ్చాడు. మొద్దుబారిన చాకు. శివయ్య దాంతో బెల్టును పోగు పోగునా తెంపుతుంటే నేను మస్తాన్ నడుము కింద భుజం పెట్టి మోశాను. అతని మూలుగు నా చెవి పక్కనే వినబడుతూ ఉంది. కాసేపటికి అదీ ఆగిపోయింది. అప్పుడు నిజంగా భయపడ్డాను.

ప్రాణానికి ముప్పు తప్పింది. ఎడమచెయ్యి మాత్రం పూర్తిగా తేరుకోలేదు. నరం చాలాసేపు నలిగిందన్నారు విజయవాడ డాక్టరుగారు. ఆలస్యం ఒక్కటే కారణమా అని అడిగాను. అలా తేల్చి చెప్పలేమన్నారు. ఆ మాట పట్టుకుని ఊరట పొందుదామని చూశాను గానీ కుదరలేదు.

ప్రాజెక్ట్ మేనేజరు నన్ను పిలిచి, కత్తి నాసిరకమని రాసి వెనక్కి పంపేద్దామన్నారు. పూజ సంగతి రాస్తే అందరూ నవ్వుతారన్నారు. కత్తి తప్పు కాదండి, నాది అన్నాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. బండికొకటి కొన్నారు. ఆయన చెప్పినట్టే నవ్వారు కూడా. మా సెక్షను పొడవునా నాకు 'నిమ్మకాయ సారు' అని పేరు పడింది. రిటైరైన రోజున శాలువా కప్పుతుంటే వెనక వరసలోంచి ఆ మాట వినబడింది. ఎవరన్నారో చూద్దామని తల కూడా తిప్పలేదు.

మొన్నామధ్య కారు సీటు కవర్ల కోసం నందిగామ వెళ్లాను. షాపు గల్లా దగ్గర కూర్చున్న మనిషి లేచి, "సారూ, బాగున్నారా?" అన్నాడు. మస్తాన్. అది వాళ్ల బావమరిది షాపట. స్టీరింగు పట్టుకోలేక ఇక్కడ కూర్చుంటున్నానన్నాడు. టీ తెప్పించాడు. వద్దన్నా వినలేదు. రెండు గ్లాసులూ గుమ్మం దగ్గర తనే అందుకుని, కుడిచేత్తోనే, ఒకటి పెట్టి వెళ్లి ఇంకొకటి తెచ్చాడు.

కాసేపు కూర్చున్నాక, వెటకారమేమీ లేకుండా, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. "ఇంతకీ సారూ, ఆ కత్తి ఊడొచ్చిందా?"

మర్నాడు వేడినీళ్లలో నానబెడితే వచ్చిందని చెప్పాను.

"అట్టాగా" అన్నాడు. టీ చల్లారిపోతుంది తాగమన్నాడు.

పనిముట్టును పరీక్షించేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. దాని మొన, పదును, ఉక్కు ఎంత చూసినా సగం పరీక్షే అవుతుంది. వాడని రోజుల్లో దాన్ని మనం ఏం చేస్తామో చూడటం మిగతా సగం. బొట్టు పిడికి పెట్టండి. కత్తి అలుగు తుడిచి, నూనె రాసి, రోజూ డ్యూటీ ఎక్కేముందు ఒకసారి ఒరలోంచి లాగి చూడండి.